అమెరికా ప్రొటెస్టంట్ సంఘాలకూ యూదు సంస్థలకూ ఇజ్రాయెల్ విషయంలో తగువెందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ తగువు ఎవరెవరి మధ్య?

ఒకవైపు అమెరికాలోని పాత ప్రొటెస్టంట్ సంఘాలు: ప్రెస్బిటేరియన్ చర్చ్ యూఎస్ఏ, యునైటెడ్ మెథడిస్ట్, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్, ఎపిస్కోపల్, ఇవాంజెలికల్ లూథరన్ సంఘాలు. వీటిని అక్కడ మెయిన్‌లైన్ సంఘాలంటారు. మరోవైపు అమెరికన్ జూయిష్ కమిటీ, యాంటీ డిఫమేషన్ లీగ్, జూయిష్ కౌన్సిల్ ఫర్ పబ్లిక్ అఫైర్స్, యూనియన్ ఫర్ రిఫార్మ్ జుడాయిజం లాంటి యూదు సంస్థలు.

క్రైస్తవులంతా ఒకవైపు, యూదులంతా ఇంకోవైపు అనుకుంటే మాత్రం మొదట్లోనే దారి తప్పుతాం. జూయిష్ వాయిస్ ఫర్ పీస్ అనే యూదు సంస్థ చర్చిల పెట్టుబడుల ఉపసంహరణను, అంటే ఇజ్రాయెల్ ఆక్రమణకు తోడ్పడుతున్నాయనుకున్న కంపెనీల వాటాలు చర్చిలు అమ్మేయడాన్ని, బాహాటంగా సమర్థించింది. పాస్టర్ జాన్ హేగీ 2006లో స్థాపించిన క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్ అనే క్రైస్తవ సంస్థ ఇజ్రాయెల్ ప్రభుత్వానికి గట్టి అండ. ఇక మెయిన్‌లైన్ సంఘాల్లో ప్రతి ఓటింగూ ఆ సంఘాన్నే రెండుగా చీల్చింది. లెక్కలు కింద చూస్తారు.

ఎప్పటి నుంచి మొదలైంది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నేళ్లపాటు రైన్‌హోల్డ్ నీబూర్ లాంటి పేరున్న ప్రొటెస్టంట్ వేదాంతులు యూదుల దేశానికి మద్దతు పలికారు. మొదటి పగులు 1967లో కనిపించింది. ఆరు రోజుల యుద్ధానికి ముందు ఇజ్రాయెల్ తుడిచిపెట్టుకుపోతుందేమోనని అమెరికా యూదులు వణికిపోయారు. పౌర హక్కుల ఉద్యమంలో భుజం భుజం కలిపి నడిచిన పాస్టర్ల నుంచి ఒక్క మాట సాయం వస్తుందని ఎదురుచూశారు. చాలా సంఘాలు మౌనంగా ఉండిపోయాయి. ఆ మౌనం యూదు మతగురువులైన రబ్బీల మనసులో ముల్లులా ఉండిపోయింది. యుద్ధం ముగిశాక వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ సైన్యం చేతిలోకి వెళ్లాయి. అక్కడి పాలస్తీనా క్రైస్తవుల కష్టాలు ఈ సంఘాల మిషనరీల ద్వారా, ఆసుపత్రుల ద్వారా, బడుల ద్వారా అమెరికా చేరడం మొదలైంది.

తగువు పెద్దదై పత్రికలకెక్కింది మాత్రం 2004లో.

2004లో ఏం జరిగింది?

వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో ప్రెస్బిటేరియన్ చర్చి 216వ జనరల్ అసెంబ్లీ, అంటే ఆ సంఘపు జాతీయ సభ, జరిగింది. ఇజ్రాయెల్‌లో వ్యాపారం చేసే బహుళజాతి కంపెనీల నుంచి ఎంపిక చేసి, దశలవారీగా వాటాలు ఉపసంహరించుకునే ప్రక్రియ ప్రారంభించాలని 431–62 ఓట్లతో తీర్మానించారు. ఇంత పెద్ద సంఘం ఈ మాట అనడం అదే మొదలు. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కడుతున్న గోడను కూడా అదే సభ ఖండించింది.

యూదు పక్షానికి మంట రెట్టింపు కావడానికి ఇంకో కారణముంది. యేసును మెస్సీయగా నమ్మే యూదుల పేరుతో ఫిలడెల్ఫియా దగ్గర ఏర్పడిన ఒక సంఘానికి అప్పటికే చర్చి డబ్బు అందింది. అలాంటి సంఘాలకు నిధులు ఆపమన్న ప్రతిపాదన కూడా అదే సభలో ఓడింది. “ఒక చేత్తో మా దేశం మీద ఒత్తిడి, ఇంకో చేత్తో మా మతం మార్పిడి” అని యూదు పక్షం అర్థం చేసుకుంది. 2004 గురించి రాసే వ్యాసాలు ఈ రెండో సంగతిని తరచూ వదిలేస్తాయి. అది తెలియకపోతే ఆ కోపం తీవ్రత అర్థం కాదు.

రెండేళ్లకు, 2006లో, అలబామాలోని బర్మింగ్‌హామ్ సభ 483–28 ఓట్లతో పాత వాక్యాన్ని తీసేసి, పెట్టుబడులు శాంతియుత పనులకే ఉండాలన్న వాక్యం పెట్టింది. యూదు సమాజానికి కలిగిన బాధను అధికారికంగా గుర్తించింది. అయితే కంపెనీలతో సంప్రదింపుల పని మాత్రం ఆగలేదు.

కంపెనీలను ఎలా ఎంపిక చేశారు?

ప్రెస్బిటేరియన్ చర్చికి పెట్టుబడుల నైతికతను చూసుకునే కమిటీ 1971 నుంచీ ఉంది. దాని పద్ధతి మెట్టు మెట్టుగా సాగుతుంది. మొదట కంపెనీకి ఉత్తరం రాస్తారు. తర్వాత యాజమాన్యంతో ముఖాముఖి కూర్చోవడానికి ప్రయత్నిస్తారు. కుదరకపోతే వాటాదారులుగా వార్షిక సమావేశంలో తీర్మానం పెడతారు. అన్నీ అయ్యాకే వాటాలు అమ్మేయమని జనరల్ అసెంబ్లీకి సిఫారసు చేస్తారు. ఇందుకు ఏళ్లు పడుతుంది. ఇక్కడ పదేళ్లు పట్టింది.

2005లో మొదటి జాబితాలో ఐదు కంపెనీలున్నాయి: క్యాటర్‌పిల్లర్, మోటరోలా, ఐటీటీ, యునైటెడ్ టెక్నాలజీస్, సిటీగ్రూప్. చివరిదాని మీద ఆరోపణ వేరు: ఉగ్రవాద సంస్థలకు చేరిన డబ్బు ఆ బ్యాంకు ద్వారా కదిలిందని. అంటే రెండు వైపుల హింసనూ లెక్కలోకి తీసుకున్నామని చూపాలని కమిటీ ప్రయత్నించింది.

చివరికి మిగిలినవి మూడు; వాటిలో హ్యూలెట్ ప్యాకార్డ్ తర్వాత చేరింది. క్యాటర్‌పిల్లర్ తయారుచేసే డి9 బుల్డోజరు, కవచం బిగించాక సుమారు 60 టన్నులుంటుంది. ఇజ్రాయెల్ సైన్యం పాలస్తీనీయుల ఇళ్లు కూల్చడానికి దాన్ని వాడుతుంది. 2003 మార్చి 16న గాజాలోని రఫాలో రేచల్ కోరీ అనే అమెరికా యువతి అలాంటి కూల్చివేతను అడ్డుకుంటూ సైనిక బుల్డోజరు కింద చనిపోయింది. హ్యూలెట్ ప్యాకార్డ్ మీద అభ్యంతరం చెక్‌పోస్టుల్లో వేలిముద్రలు, చేతి ఆకృతి చూసి మనుషుల్ని గుర్తుపట్టే వ్యవస్థ గురించి. మోటరోలా సొల్యూషన్స్ మీద అభ్యంతరం వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్ల (ఆక్రమిత భూమిలో ఇజ్రాయెల్ పౌరుల కాలనీల) చుట్టూ పెట్టిన నిఘా పరికరాల గురించి.

క్యాటర్‌పిల్లర్ వాదన: యంత్రాలు అమెరికా ప్రభుత్వ సైనిక విక్రయాల పథకం ద్వారా వెళ్తాయి, కొన్నవాళ్లు ఎలా వాడుతున్నారన్నది మా చేతిలో లేదు. ఆ సమాధానం కమిటీకి సరిపోలేదు.

2012లో రెండు ఓట్ల తేడాతో ఓడి, 2014లో ఎలా గెలిచింది?

2012 పిట్స్‌బర్గ్ సభలో ఉపసంహరణకు బదులు పాలస్తీనా ప్రాంతంలో మంచి పెట్టుబడులు పెడదామన్న ప్రత్యామ్నాయం 333–331తో నెగ్గింది. ఇద్దరు తటస్థంగా ఉన్నారు. ఆ సభే సెటిల్‌మెంట్లలో తయారయ్యే సరుకుల బహిష్కరణను మాత్రం ఆమోదించింది. 2014 డెట్రాయిట్ సభలో ఉపసంహరణ 310–303తో గెలిచింది.

ఓటింగుకు ముందు యూనియన్ ఫర్ రిఫార్మ్ జుడాయిజం అధ్యక్షుడు రబ్బీ రిక్ జేకబ్స్ సభ ముందుకొచ్చారు. తీర్మానాన్ని తిరస్కరిస్తే చర్చి నాయకులను వెంటబెట్టుకుని ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహును కలవడానికి వస్తానని చెప్పారు. ఇంకోవైపు పాలస్తీనీయులకు సంఘీభావంగా యూదు యువత కూడా అక్కడ ప్రచారం చేసింది. ఏడు ఓట్ల తేడా చూస్తే ఇరుపక్షాలూ ఎంత కష్టపడ్డాయో తెలుస్తుంది. ఆ తీర్మానంలోనే ఇజ్రాయెల్ ఉనికి హక్కును చర్చి మళ్లీ ఒప్పుకుంది. ఇజ్రాయెల్ మీద ప్రపంచవ్యాప్తంగా సాగుతున్న బహిష్కరణ ఉద్యమంతో ఈ నిర్ణయాన్ని కలిపి చూడవద్దని కూడా రాసింది.

అసలు ఒక తీర్మానం సభ దాకా ఎలా వస్తుంది?

ప్రెస్బిటరీ అంటే ఒక ప్రాంతంలోని సంఘాల సమితి. దేశమంతా 160కి పైగా ఉన్నాయి. ఒక ప్రెస్బిటరీ ప్రతిపాదన పంపాలి, కనీసం ఇంకో ప్రెస్బిటరీ దానికి తోడు రావాలి. జనరల్ అసెంబ్లీ రెండేళ్లకొకసారి కూర్చుంటుంది. ప్రతిపాదన ముందు అక్కడి కమిటీకి పోతుంది. పాలస్తీనా క్రైస్తవులు, రబ్బీలు, సంఘ సభ్యులు మాట్లాడేది ఎక్కువగా అక్కడే. కమిటీ సిఫారసు తర్వాతే పూర్తి సభ. ఓటు వేసే కమిషనర్లలో పాస్టర్లు, పెద్దలు సమాన సంఖ్యలో ఉంటారు. యువ ప్రతినిధుల ఓటు సలహా మాత్రమే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. కమిషనరు తన ఊరి సంఘం చెప్పినట్టు ఓటెయ్యాలన్న నియమం లేదు, మనస్సాక్షి ప్రకారం వేస్తాడు. కాబట్టి “ప్రెస్బిటేరియన్లు ఇలా అంటున్నారు” అని రాసేముందు, అన్నది ఆ వారం ఆ హాల్లో కూర్చున్న కొన్ని వందల మంది అని గుర్తుంచుకోవాలి. పొరుగింటి ప్రెస్బిటేరియన్‌కు ఆ తీర్మానం సంగతే తెలియకపోవచ్చు.

మొత్తం డబ్బెంత?

2014లో అమ్మిన వాటాలు సుమారు 21 మిలియన్ డాలర్లు. ఆ కంపెనీల పరిమాణం ముందు లెక్కలోకి రాని సొమ్ము. చర్చి అమ్మిన వాటాను ఇంకొకరు కొనుక్కున్నారు, బుల్డోజర్ల ఉత్పత్తి ఒక్కటీ తగ్గలేదు. చర్చి వాళ్లకూ ఇది తెలుసు. “పాపంలో మా డబ్బు ఉండకూడదు” అన్నదే వాళ్ల మొదటి మాట.

అంత తక్కువ డబ్బుకు అంత కోపమెందుకు?

ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. చర్చి తనను తాను అడుగుతున్నది “మా సొమ్ము ఎక్కడ పని చేస్తోంది?” అని. యూదు సంస్థల చెవిన పడుతున్నది “మీ దేశం ఉండాలా వద్దా?” అని. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తూ, ఎదుటివాళ్లు కావాలనే మాట దాటేస్తున్నారనుకుంటున్నారు.

యూదుల చెవికి అలా వినబడటానికి చరిత్రే కారణం. 1933 ఏప్రిల్ 1న నాజీలు యూదుల దుకాణాల ముందు మనుషుల్ని నిలబెట్టి, ఇక్కడ కొనొద్దని బెదిరించారు. అందుకే బహిష్కరణ అన్న మాట వాళ్లకు మామూలు ఆర్థిక పదం కాదు. మార్టిన్ లూథర్ 1543లో రాసిన రాతల్లో యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టమన్న సలహా ఉంది. అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో ఆ రాతలను అధికారికంగా తోసిపుచ్చింది. “వాని రక్తము మామీదను మా పిల్లలమీదను” అన్న మత్తయి సువార్త వాక్యాన్ని పట్టుకుని శతాబ్దాలుగా యూదుల మీద దాడులు జరిగాయి. ఇంత చరిత్ర ఉన్న చర్చి నోటి నుంచి మాట వస్తే, అదే మాట ఐక్యరాజ్య సమితి అన్నప్పటికంటే పదిరెట్లు గుచ్చుకుంటుంది.

రెండోది, కొలబద్ద గురించిన ఫిర్యాదు. ప్రపంచంలో ఇన్ని దేశాలు ఇన్ని దారుణాలు చేస్తుంటే ఒక్క యూదు దేశం మీదే తీర్మానాలెందుకని. దీనికి చర్చిల జవాబు: అమెరికా పన్నుల సొమ్ముతో ఇంత పెద్ద సైనిక సాయం అందేది ఇజ్రాయెల్‌కే, అక్కడ మా సొంత విశ్వాసులున్నారు, కాబట్టి మాకు బాధ్యత ఎక్కువ. ఈ జవాబులో బలముంది. కానీ తీర్మానంలో రాయకుండా, అడిగాక చెబితే సాకులా వినబడుతుంది.

ఓటింగు కంటే గాయం చేసేది ఏమిటి?

ముందూవెనకా వచ్చే రాతలు. 2014 జనవరిలో ప్రెస్బిటేరియన్ చర్చికి అనుబంధంగా ఉన్న ఇజ్రాయెల్–పాలస్తీనా మిషన్ నెట్‌వర్క్ జియోనిజం (యూదులకు సొంత దేశం ఉండాలన్న ఉద్యమం) మీద ఒక అధ్యయన పుస్తిక వేసింది. జియోనిజమే అసలు సమస్య అన్న ధోరణి దానిది. మూడు కంపెనీల వాటాల గురించి మాట్లాడదామని వచ్చిన రబ్బీలకు, తమ అస్తిత్వాన్నే జబ్బుగా చూపే పుస్తకం ఎదురైంది. అదే ఏడాది జూన్‌లో చర్చి తన వెబ్ దుకాణంలో దాని అమ్మకం ఆపింది. అప్పటికే ఆలస్యమైంది.

శిలువ పోలిక కూడా అలాంటిదే. జెరూసలేంలో పాలస్తీనా క్రైస్తవుల సబీల్ కేంద్రాన్ని స్థాపించిన ఆంగ్లికన్ పాస్టర్ నయీమ్ ఆతీక్ 2001 ఈస్టర్ సందేశంలో పాలస్తీనీయుల బాధను శిలువ మీది యేసుతో పోల్చారు. మన చర్చిల్లోనూ బాధపడేవాళ్లను శిలువతో పోల్చి ప్రసంగాలు చేస్తాం, క్రైస్తవుడికి అది సహజం. యూదుడికి మాత్రం అది “దేవుణ్ణి చంపినవాళ్లు” అన్న పాత నింద తిరిగొచ్చినట్టే.

ఇజ్రాయెల్‌ని విమర్శిస్తే యూదు ద్వేషమేనా?

కాదు. ఎక్కువమంది యూదు నాయకులూ కాదనే అంటారు. గీత ఎక్కడ గీయాలన్నదే తగువు. 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి ఇచ్చిన నిర్వచనంలో, ఇజ్రాయెల్ ఉనికే జాతివివక్ష అనడం, ఇతర ప్రజాస్వామ్యాలకు పెట్టని కొలత దానికి పెట్టడం ఉదాహరణలుగా ఉన్నాయి. దాన్ని విమర్శిస్తూ 2021లో వచ్చిన జెరూసలేం ప్రకటన, బహిష్కరణ తనంతట తాను యూదు ద్వేషం కాదని చెప్పింది. యూదు సంస్థలు ఎక్కువగా మొదటిదాన్ని చేతిలో పట్టుకుంటాయి.

తీర్మానం చేతికొస్తే మేం చూసేది ఇవి: లక్ష్యం ఆక్రమిత ప్రాంతమా, మొత్తం ఇజ్రాయెలా? ప్రభుత్వమా, ప్రజలా? హమాస్ హింస గురించి ఒక వాక్యమైనా ఉందా? “యూదులు” అని రాసిన చోట “ఇజ్రాయెల్ ప్రభుత్వం” అని రాయాల్సిందా? నాలుగోదే ఎక్కువ చోట్ల తప్పుతుంది.

పాలస్తీనా క్రైస్తవులు ఏమంటున్నారు?

వాళ్లు 2009 డిసెంబరులో కైరోస్ పాలస్తీనా అనే ప్రకటన వెలువరించారు. ఆక్రమణ దేవునికీ మనిషికీ వ్యతిరేకమైన పాపమని, ప్రేమతో ప్రతిఘటిస్తామని, బహిష్కరణకు మద్దతివ్వాలని కోరారు. అమెరికా సంఘాల్లో ఆ తర్వాత వచ్చిన తీర్మానాలకు చాలావరకు ఇదే ఊపిరి. అమెరికా రిఫార్మ్ (ఉదారవాద యూదు శాఖ) రబ్బీల సంఘం 2010లో దాన్ని తప్పుపట్టింది: దేవుడు యూదులతో చేసిన నిబంధన (ఒడంబడిక) స్థానంలో చర్చి వచ్చేసిందన్న పాత సిద్ధాంతం ఇందులో ఉందని.

ఆ సిద్ధాంతం ఏమిటి? తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఎలా అర్థమవుతుంది?

రోమా పత్రిక 11వ అధ్యాయంలో ఒలీవ చెట్టు పోలిక గుర్తు చేసుకోండి. అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టారు. వేరు కొమ్మను మోస్తుంది గాని కొమ్మ వేరును మోయదు. పాత చెట్టును నరికేసి కొత్త చెట్టు నాటారన్నట్టు బోధిస్తే అదే స్థానభ్రంశ సిద్ధాంతం. ప్రెస్బిటేరియన్ చర్చి 1987 అధ్యయన పత్రంలోనే ఆ బోధను వదులుకోవాలని చెప్పింది. చిక్కు భూమి దగ్గర వస్తుంది. దేవుని నిబంధన యూదులతో ఇంకా నిలిచి ఉందంటే, భూమి వాగ్దానం కూడా నిలిచి ఉందా? ఉంటే నేటి సరిహద్దులకు అది వర్తిస్తుందా? స్కాట్లండ్ చర్చి 2013లో సరిగ్గా ఈ ప్రశ్న మీద నివేదిక వేసి, యూదు సమాజం నుంచి తీవ్ర నిరసన ఎదురై, భాష మార్చి, ఇజ్రాయెల్ ఉనికి హక్కును స్పష్టం చేసే ముందుమాట చేర్చాల్సి వచ్చింది.

తెలుగులో మనకొక సౌకర్యముంది. బైబిల్లో “ఇశ్రాయేలు”, పేపర్లో “ఇజ్రాయెల్”. రెండు వర్ణక్రమాలు. ఒకటి నిబంధన జనం, ఇంకోటి 1948లో ఏర్పడిన రాజ్యం. “నిన్ను ఆశీర్వదించువారిని ఆశీర్వదించెదను” అన్న ఆదికాండము మాటను పట్టుకుని ఒక ప్రభుత్వ విధానాన్ని సమర్థించేటప్పుడు, లేదా ఆ ప్రభుత్వం మీది కోపాన్ని బైబిలు జనం మీదకు తోసేటప్పుడు, పలుకుతున్నది ఏ మాటో ఒకసారి చూసుకోండి. ఆ రెండింటి మధ్య సంబంధం ఉంది, కానీ అవి రెండూ ఒకటి కావు.

మిగతా సంఘాల సంగతి?

యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ 2015లో 508–124తో ఉపసంహరణకు ఓటేసింది. అదే వేసవిలో ఎపిస్కోపల్ బిషప్పులు తిరస్కరించారు. మెథడిస్టులు 2012లో టాంపాలో తిరస్కరించారు, కానీ వాళ్ల పింఛను సంస్థ 2016లో ఐదు ఇజ్రాయెల్ బ్యాంకులను పెట్టుబడికి అనర్హమని పక్కన పెట్టింది. లూథరన్లు 2016లో పెట్టుబడులకు మానవ హక్కుల వడపోత కోరారు. శాంతివాద ప్రొటెస్టంట్ శాఖ అయిన మెనొనైట్లు 2015లో వాయిదా వేసి, 2017లో ఆమోదించారు. ఈ మధ్యలో యూదు బృందాలను కలిసి, యూదు ద్వేషం గురించి కూడా అదే తీర్మానంలో రాసుకున్నారు. మా దృష్టిలో పద్ధతిగా జరిగిన పని అది.

2012 ఉత్తరం గొడవేమిటి?

ఆ అక్టోబరులో 15 మంది చర్చి నాయకులు అమెరికా కాంగ్రెస్‌కు లేఖ రాశారు. ఇజ్రాయెల్‌కిచ్చే సైనిక సాయం అమెరికా చట్టాల ప్రకారమే ఖర్చవుతోందో లేదో విచారించమన్నారు. కొద్ది రోజుల్లో యూదు–క్రైస్తవ నాయకుల సంభాషణ సమావేశం జరగాల్సి ఉంది. 2004 గొడవ తర్వాత కష్టపడి కట్టుకున్న వేదిక అది. లేఖ గురించి ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదని యూదు సంస్థలు సమావేశం నుంచి తప్పుకున్నాయి. లేఖలోని విషయం మీద వాదించుకోవచ్చు. ఎదురుగా కూర్చోబోయేవాళ్లకు చెప్పకుండా పంపడం మాత్రం తప్పే. అలాగని కుర్చీ ఖాళీ చేసి వెళ్లిపోవడంతో వచ్చిన లాభమూ లేదు.

2022 తర్వాత ఏం మారింది?

2022లో ప్రెస్బిటేరియన్ సభ పాలస్తీనీయుల పట్ల ఇజ్రాయెల్ చట్టాలు, విధానాలు అపార్థైడ్ (జాతిని బట్టి మనుషుల్ని వేరుచేసి అణచివేసే వ్యవస్థ) నిర్వచనంలోకి వస్తాయని 266–116తో ప్రకటించింది. వాటాల నుంచి చర్చ పదాల మీదకు మళ్లింది. గాజా యుద్ధం మధ్య 2024లో మెథడిస్టులు దీర్ఘకాల సైనిక ఆక్రమణ సాగించే ప్రభుత్వాల బాండ్లు కొనవద్దన్నారు. ఇజ్రాయెల్‌తో పాటు టర్కీ, మొరాకో పేర్లూ చేర్చారు. ఒకే దేశాన్ని వేలెత్తి చూపుతున్నారన్న పాత ఫిర్యాదుకు అది నేరుగా ఇచ్చిన జవాబు. ప్రెస్బిటేరియన్లు కూడా ఆ ఏడాదే ఇజ్రాయెల్ బాండ్లు వద్దనుకున్నారు.

తెలుగువాళ్లకు దీంతో ఏం పని?

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖల కలయికతో పుట్టింది. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం అమెరికా లూథరన్ మిషన్ నుంచి వచ్చింది. పైన చెప్పిన సంఘాలతో మనది బంధుత్వమే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదుల చిన్న సమాజమూ ఉంది, క్రైస్తవ నేపథ్యం నుంచి యూదు మతంలోకి వచ్చినవాళ్లు.

జెరూసలేం యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సాయాన్ని, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్నవారికి 60 వేల రూపాయలకు పెంచింది. అలా వెళ్లే యాత్రికుల బస్సు జెరూసలేం నుంచి బేత్లెహేముకు పోయేటప్పుడు ఎనిమిది మీటర్ల కాంక్రీటు గోడను, చెక్‌పోస్టును దాటుతుంది. ఇజ్రాయెల్ పక్షం చెప్పేది: ఆత్మాహుతి దాడులు ఆపడానికి 2002లో కట్టడం మొదలుపెట్టాం, దాడులు తగ్గాయి. పాలస్తీనా పక్షం చెప్పేది: గోడ మా పొలాల మధ్యనుంచి పోయింది. ఇద్దరు గైడ్లనూ అడగండి.

అమెరికాలోని మా తెలుగు సంఘంలో యూదు అతిథులతో చర్చ పెట్టాలనుకుంటున్నాం. ఎలా?

తీర్మానం రాశాక కాదు, రాయకముందే పిలవండి. ఒక్కరినే పిలవొద్దు. మీ మాటకు తలూపే యూదు సంస్థను మాత్రమే పిలిచి “యూదులూ ఒప్పుకున్నారు” అంటే తర్వాత ఎవరూ రారు. ఊళ్లోని సినగాగు (యూదుల ప్రార్థనాలయం) రబ్బీ ఒకరు, ఆక్రమణను విమర్శించే యూదు ఒకరు, వీలైతే పాలస్తీనా క్రైస్తవుడు ఒకరు ఉంటే మేలు. అందరికీ అందరి పేర్లూ ముందే చెప్పండి.

శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు కాబట్టి సమావేశం పెట్టొద్దు. పస్కా పండుగ రోజుల్లోనూ, మన గుడ్ ఫ్రైడే వారంలోనూ వద్దు. సంఘంలో పస్కా విందును మీరే అభినయించి చూపించాలన్న ఆలోచన ఉంటే మానేయండి. ఒక యూదు ఇంటికి అతిథులుగా వెళ్లడం వేరు, వాళ్ల పండుగను మన బోధకు వాడుకోవడం వేరు. భోజనం విషయంలో కోషర్ అనే యూదు ఆహార నియమం పాటిస్తారా అని ముందే అడగండి. తెలియకపోతే కడిగిన పళ్లు, సీసా నీళ్లు, కాగితం ప్లేట్లు చాలు. బిర్యానీ ప్రేమతోనే వండుతారు, కానీ అతిథి ముట్టలేకపోతే ఇద్దరికీ ఇబ్బంది.

మొదటి గంట రాజకీయాలు ఎత్తొద్దు. 1967 గురించి వాళ్లింట్లో ఏమనుకునేవాళ్లో రబ్బీని చెప్పమనండి. 1948లో వాళ్ల ఊరు ఏమైందో పాలస్తీనా అతిథిని చెప్పమనండి. మధ్యలో ఎవరూ సరిదిద్దొద్దు. తీర్మానం ముసాయిదా ఉంటే రెండో సమావేశంలో బల్ల మీద పెట్టి, “యూదులు” అన్న ప్రతి చోటా పెన్సిలుతో గీత గీస్తూ కలిసి చదవండి.